అవ్వ లేవడానికి ఎన్ని మార్కులు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండళ్ల అధ్యక్షులకు బహిరంగ లేఖ



మీ మండళ్లు వేసే పాఠ్యప్రణాళిక కమిటీల దగ్గరికి విన్నపాలు చాలా వస్తుంటాయి. కొత్త పేపరు పెట్టమని కొందరు, పాత పేపరు తీసెయ్యమని ఇంకొందరు అడుగుతారు. నేను ఆ రెండూ అడగడం లేదు. క్యారెక్టర్ యానిమేషన్, రిగ్గింగ్ అనే రెండు పేపర్లకు మార్కులు వేసే తీరు మార్చమని అడుగుతున్నాను. ఆ రెండూ నేర్పి బతుకుతున్నవాణ్ని. అందుకని కొంచెం వివరంగా రాయక తప్పడం లేదు, ఓపిగ్గా చదవమని మనవి.

ముందు ఆ పనులేమిటో చెబుతాను. కంప్యూటర్‌లో చెక్కిన మనిషి బొమ్మ మొదట ఉత్త పైతోలే. లోపలంతా డొల్ల. ఆ తోలులోపల ఎముకల గూడు అమర్చి, ఏ ఎముక కదిలితే ఏ చర్మం ఎంత కదలాలో నిర్ణయించి, ఆడించేవాడు పట్టుకోడానికి పైన కంట్రోళ్లు పెట్టే పని రిగ్గింగ్. ఆ కంట్రోళ్లతో బొమ్మను నడిపించి, కూర్చోబెట్టి, ఏడిపించి, అబద్ధమాడించే పని యానిమేషన్. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. పెద్ద స్టూడియోల్లో రిగ్గర్ వేరు, యానిమేటర్ వేరు. నేను పనిచేసిన కాలేజీల్లో విద్యార్థి రెండూ నేర్చుకుంటాడు. కాకపోతే వేరువేరు సెమిస్టర్లలో, ఒకదానితో ఒకదానికి మాటల్లేని రెండు పేపర్లుగా.

పరీక్ష సంగతికొస్తే, నా చేతికొచ్చిన ప్రశ్నపత్రాల్లో ‘యానిమేషన్ పన్నెండు సూత్రాలను వివరింపుము’ అన్న ప్రశ్న లేనిది అరుదు. ఆ పన్నెండింటినీ పుస్తకంలోకి ఎక్కించినవాళ్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్. ఇద్దరూ డిస్నీలో దశాబ్దాల తరబడి బొమ్మలు గీసి, రిటైరయ్యాక 1981లో ఆ పుస్తకం తెచ్చారు. వాళ్లు సూత్రాలు బట్టీపట్టి బొమ్మలు గీయలేదు, గీసి గీసి చివర్లో సూత్రాలు రాశారు. మనం ఆ వరసను తిరగేసి పిల్లల చేతిలో పెట్టాం. ‘స్క్వాష్ అండ్ స్ట్రెచ్ అనగా నేమి’ అన్నదానికి పదికి పది రాసిన కుర్రవాడి బంతి నేలమీద పడ్డప్పుడు ఇనప గుండో, రబ్బరు బంతో నాకు అర్థం కాని సందర్భాలు బోలెడు.

బంతి మాట వచ్చింది కనుక అక్కడే ఆగుతాను. మొదటి సెమిస్టర్‌లో ప్రతివాళ్లూ చేసే అభ్యాసం బంతిని ఎగరెయ్యడం. పైనుంచి వదిలిన వస్తువు సమాన వ్యవధుల్లో పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. గెలీలియో తేల్చిన లెక్క అది. అంటే పైన ఫ్రేములు దగ్గరదగ్గరగా ఉండాలి, కిందికొచ్చేకొద్దీ ఎడం పెరగాలి. విద్యార్థి మొదటి బంతి మామూలుగా ఒకే వేగంతో దిగుతుంది, తాడుకట్టి దించినట్టు. తర్వాతి వారం ఎడం వస్తుంది గానీ నేల తాకినచోట బంతి రవ్వంత ఆగుతుంది. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చూస్తే, కోసుగా ఉండాల్సిన చోట వంపు గుండ్రంగా ఉంటుంది. అది దిద్దాక ప్రతి గెంతూ ఒకే ఎత్తుకి లేస్తుంది. ఎత్తు తగ్గించుకొస్తే గెంతుకు పట్టే కాలం మాత్రం తగ్గదు, దాంతో చివరి గెంతుల్లో బంతి బరువు పోగొట్టుకుని తేలుతుంది. ఒక తప్పు పోతుంది, ఆ స్థానంలో అంతకంటే కాస్త మేలైన తప్పు వస్తుంది. ఆ పిల్ల లేదా పిల్లవాడు ఎంత ఎదిగారో నాకు తెలిసేది ఆ తప్పుల వరసలోనే. పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు కనిపించేది చివరి బంతి. ఆ చివరి బంతి యూట్యూబ్ పాఠంలోని అంకెలు దించేసినా వస్తుంది.

ఇప్పుడొక విద్యార్థిని గురించి చెబుతాను. పేరు చెప్పను, కాలేజీ కూడా చెప్పను. ఉమ్మడి నల్గొండ జిల్లా పిల్ల. వాళ్ల నాన్న దర్జీ. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇంట్లో వాళ్లు ఇంజినీరింగ్ అంటే తను యానిమేషన్ అని పట్టుబట్టి వచ్చింది.

రెండో ఏడాది రిగ్గింగ్ పేపరు. నిలబడి, చేతులు అటూ ఇటూ చాపిన మనిషి మోడల్ ఇస్తాం. దాన్ని టీ-పోజ్ అంటారు. అందులో ఎముకలు పెట్టాలి. మొదట అందరూ చేసేదే ఆ అమ్మాయీ చేసింది. మోచేతి జాయింటును చేయి సరిగ్గా మధ్యలో పెట్టింది. మన మోచెయ్యి మడిచినప్పుడు మొన వెనకవైపు నిలబడుతుంది. జాయింటు కొంచెం వెనక్కి జరగకపోతే బొమ్మ చెయ్యి రబ్బరు గొట్టంలా వంగుతుంది. తర్వాత స్కిన్నింగ్. చర్మం మీద వేల బిందువులుంటాయి. ఒక్కో బిందువు ఏ ఎముక మాట ఎంత వినాలో వాటాలు వేయాలి, ఆ వాటాలన్నీ కలిపితే 1 కావాలి. భుజం దగ్గర బిందువుకు పైచేయి ఎముక 0.6, భుజపుటెముక 0.3, వెన్ను 0.1, ఇలా. బ్రష్షుతో రంగు పూసినట్టు ఈ వాటాలు పూస్తారు కాబట్టి దీన్ని వెయిట్ పెయింటింగ్ అంటారు. చేసేవాళ్లకు కళ్లు కాయలు కాచే పని, చూసేవాళ్లకు ఏమీ జరుగుతున్నట్టుండని పని.

చెయ్యి పైకెత్తిస్తే చంక లోపలికి కుంగిపోతోంది. క్లాసులో సగం మందికి అదే సమస్య. అందరూ వాటాలు మార్చి మార్చి విసిగిపోతుంటే, ఈ అమ్మాయి ఒకరోజు, “సార్, ఇది పెయింటింగ్ పంచాయితీ కాదు, చంకల బట్ట సరిపోతలేదు” అంది. లాల్చీ కుట్టేటప్పుడు చంకకింద నాలుగు పలకల గుడ్డముక్క వెయ్యకపోతే చెయ్యెత్తగానే పిగులుతుందని వాళ్ల నాన్న దగ్గర చిన్నప్పట్నుంచీ చూసింది. మోడల్‌లో ఆ చోట గీతల వలయాలు రెండు తక్కువున్నాయి. చర్మం సాగడానికి అక్కడ సరుకే లేదు. మోడల్‌కి వలయాలు చేర్చి, భుజంతోపాటు మెడపక్క ఎముక కూడా కొంచెం లేచేలా కట్టింది. మనం చెయ్యెత్తినప్పుడు నిజంగా లేచేదీ అదే. చంక నిలబడింది.

ముంజేయి తిప్పడంలో మరో గండం ఉంది. మన ముంజేతిలో ఎముకలు రెండు. అరచెయ్యి బోర్లిస్తే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది, మెలిక ముంజేయి పొడవునా పరుచుకుంటుంది. రిగ్‌లో ఒకే ఎముక ఉంటే మెలికంతా మణికట్టు దగ్గరే పడి, ఆ చోటు సన్నగా నొక్కుకుపోతుంది. రిగ్గర్లు దీనికి పెట్టుకున్న పేరు ‘క్యాండీ రాపర్’. మెలికను పంచడానికి మధ్యలో ట్విస్ట్ జాయింట్లు వెయ్యాలి. ఆ అమ్మాయి మొదటి రిగ్‌లో అవి లేవు. ఆ సెమిస్టర్ చివర ఆ రిగ్‌కు మార్కులు మాత్రం బాగా వచ్చాయి. కారణం చాలా సులువు: పరీక్షలో బొమ్మ టీ-పోజ్‌లో నిలబడి ఉండగా చూశారు. నిలబడ్డంత సేపూ ప్రతి రిగ్గూ చక్కగానే ఉంటుంది.

మూడో ఏడాది ప్రాజెక్టుకు ఆమె ఎంచుకున్న షాట్ ఇది: ఒక అవ్వ నేలమీద బాసింపట్టు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంటుంది. బయట ఎవరో పిలుస్తారు. అవ్వ లేస్తుంది. అంతే. పక్కబల్ల మీద ఒకరు రెక్కల రాక్షసుణ్ని, ఇంకొకరు మండుతున్న కత్తిని చేస్తున్నారు. ఈమె అవ్వను లేపుతానంటే తోటివాళ్లు నవ్వారు. నాకు మాత్రం భయమేసింది, ఎందుకంటే బాసింపట్టు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక్కడ మీరొక సంగతి గమనించాలి. మా పిల్లలు అభ్యాసానికి వాడేవి ఎక్కువగా విదేశాల్లో తయారై ఉచితంగా దొరికే రిగ్గులు. వాటిలో చాలా మంచివి ఉన్నాయి, చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అవి బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చునే మనుషుల కోసం కట్టినవి. వాటితో బాసింపట్టు వేయించి చూడండి. తొడ పొత్తికడుపులోకి దిగబడుతుంది, మోకాలి చిప్ప మాయమవుతుంది, తొడ మొదట్లో చర్మం గుడ్డ నలిగినట్టు నలుగుతుంది. పాదానికి బూటు కొలతతో వేళ్లన్నిటికీ కలిపి ఒకటే జాయింటు. మన అవ్వలు బొటనవేలితో నేల పట్టుకుని లేస్తారు. గొంతుక్కూర్చోవడం, ఎంగిలాకుల ముందునుంచి లేవడం, పిల్లని చంకనెత్తుకుని నడుం ఒక పక్కకి విరిచి నిలబడడం, కూచిపూడి అరమండి. మన ఒళ్లు రోజూ చేసే ఈ పనులేవీ ఆ రిగ్గులు ఊహించలేదు. ఊహించవలసిన బాధ్యత వాళ్లది కాదు కూడా. మన సిలబస్‌దే. చీర సంగతి ఎత్తితే మరో లేఖ అవుతుంది. కుచ్చిళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న బట్టను కంప్యూటర్ లెక్కగట్టేటప్పుడు పొరలు ఒకదానిలోకి ఒకటి దూరుతాయని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఆమె మొదటి వెర్షన్‌లో అవ్వ లిఫ్టులో లేచినట్టు లేచింది. నడుము, తల, భుజాలు ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగాయి. దసరా సెలవులకు ఇంటికెళ్లి వాళ్ల నానమ్మను ఫోనులో వీడియో తీసుకొచ్చింది, ఎదురునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి. ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తే లేవడమనేది చాలా పనుల మూట అని తెలిసింది. నానమ్మ ముందు చేట పక్కకి జరిపింది. కొంగు సర్దుకుంది. పిలుపు వచ్చిన వైపు కళ్లు తిరిగాయి, తర్వాత తల, ఒళ్లు మాత్రం ఇంకా కదల్లేదు. ఎడమచెయ్యి నేలకి ఆనింది. తల ముందుకు వంగింది. బరువు పాదాల మీదికి రాకుండా ఎవరూ లేవలేరు. ముందు లేచింది తల కాదు, తుంటి. కుడిచెయ్యి మోకాలి మీద పడి, అక్కడ ఒక క్షణం ఆగి, మోకాలిని కిందికి నొక్కుతూ నడుమును పైకి తెచ్చింది. నిలబడ్డాక కూడా నడుము పూర్తిగా నిటారు కాలేదు.

ఇదంతా కీఫ్రేములుగా, అంటే బొమ్మ భంగిమను నిర్ణయించే ఫ్రేములుగా, పెట్టబోతే రిగ్ అడ్డం తిరిగింది. చేతిని రెండు రకాలుగా ఆడించవచ్చు. భుజం, మోచెయ్యి, మణికట్టు వరసగా తిప్పుకుంటూ పోవడం ఎఫ్‌కే, ఊపుతూ నడిచే చేతికి అది బాగుంటుంది. అరచేతిని ఒకచోట నిలిపితే మోచెయ్యి దానంతటది సర్దుకోవడం ఐకే, దేన్నైనా పట్టుకున్నా ఆనించినా అది కావాలి. అవ్వ చెయ్యి నేలకు ఆనింది కాబట్టి ఐకే పెట్టింది. బాగానే ఉంది. అదే చెయ్యి మోకాలి మీద పడ్డప్పుడు మాత్రం మోకాలు కదులుతోంది, చెయ్యి గాలిలో నిలబడింది. నడుమ ఒక వెర్షన్‌లో అవ్వ చెయ్యి మోకాలి మీదినుంచి జారి గాలిని నొక్కుతూ లేస్తుంది. చెయ్యి ఒకసారి ప్రపంచాన్ని, ఒకసారి మోకాలిని, ఒకసారి ఒంటిని అనుసరించేలా రిగ్‌లో మీట పెట్టాలి. స్పేస్ స్విచ్చింగ్ అంటారు. రెండో ఏడాది సిలబస్‌లో ఆ మాట ఉంది. నోట్సు రాసుకుంది, పరీక్షలో రాసింది కూడా. అది ఎందుకు పుట్టిందో మాత్రం ఇప్పుడు తెలిసింది. యానిమేషన్ ఆపి రిగ్ దగ్గరికి తిరిగి వెళ్లింది. తుంటి జాయింటు కొంచెం లోపలికి జరిపింది. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు పిక్క, తొడ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉబ్బేలా కరెక్టివ్ ఆకారాలు చెక్కింది. వేళ్లకు జాయింట్లు చేర్చింది, మెట్టెల వేలికి కూడా. కంట్రోళ్లకు పేర్లు సరిగ్గా పెట్టింది. ఇది చిన్న విషయమనుకుంటారు గానీ, ‘కర్వ్ 47’ అని పేరున్న కంట్రోల్ ఏ కాలిదో వెతుక్కుంటూ నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మళ్లీ యానిమేషన్‌కు వచ్చింది. మళ్లీ రిగ్ దగ్గరికి వెళ్లింది. ఇలా అటూ ఇటూ తిరగడంలోనే ఆ అమ్మాయి యానిమేటరైంది. ఆ రాకపోకలకు సిలబస్‌లో గంటల్లేవు, మెమోలో గడి లేదు. రిగ్గింగ్ పేపరు అప్పటికే ముగిసిన పేపరు. దాని మార్కు ఖరారైపోయింది. మూడో ఏడాది రిగ్‌లో ఆమె చేసిన పనంతా అధికారికంగా జరగనట్టే లెక్క.

ఫైనల్ వైవాలో ఎగ్జామినర్ అవ్వను ఒక్కసారి చూసి, లైటింగ్ ఇంకా బాగుండాల్సిందన్నారు. మండుతున్న కత్తికి ఎక్కువ మార్కులు పడ్డాయి. కత్తి చేసిన కుర్రవాణ్ని తప్పుపట్టను, మంటలు బాగానే వేశాడు. కానీ అది క్యారెక్టర్ యానిమేషన్ పేపరు. కత్తికి క్యారెక్టర్ లేదు.

మన నేలమీద ఈ చదువుకి పాత బడి ఒకటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు కోసి, భుజం, మోచెయ్యి, మోకాలు వేరుగా కత్తిరించి, దారంతో ముడివేసి, కర్రలు కట్టేవాళ్లే తెర వెనక నిలబడి వాటిని ఆడిస్తారు, గొంతూ ఇస్తారు. బొమ్మ చేసే చెయ్యీ, ఆడించే చెయ్యీ ఒక ఇంటివే. జుట్టుపోలిగాడు గంతులెయ్యాలంటే కీలు ఎక్కడ వదులుగా ఉండాలో ఆడించేవాడికి తెలుసు, వాడే కీలు కడతాడు. దీన్ని ‘మన వారసత్వం’ అని సిలబస్ మొదటి పేజీలో ఒక పేరాగా పెట్టి మురిసిపోవద్దని మాత్రం వేడుకుంటాను. ఒక కుటుంబాన్ని పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి, పిల్లల చేత ఒక్క తోలుబొమ్మ కట్టించి ఆడించండి. జాయింటు ఎక్కడ పెట్టాలన్న పాఠం ఒక పూటలో ఒంటికి పడుతుంది.

ముఖం సంగతి రెండు మాటల్లో. పెదవుల కదలికకు పిల్లలు ఇప్పటికీ ప్రెస్టన్ బ్లెయిర్ గీసిన ఇంగ్లిషు నోళ్ల పట్టికే చూస్తారు. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, నోరు మూతపడకుండానే తర్వాతి మాట మొదలవుతుంది. దీర్ఘం ఉన్నచోట నోరు ఒకటి రెండు ఫ్రేములు ఎక్కువ నిలవాలి. ట, డ, ణ లోపలే జరిగిపోతాయి, పైకి కనపడవు. ప, బ, మ దగ్గర పెదవులు కలవకపోతే మాత్రం డబ్బింగ్ బొమ్మలా ఉంటుంది. తెలుగు డైలాగు ఒకటి తప్పనిసరి చేస్తే చాలు, పట్టిక వాళ్లే గీసుకుంటారు. ఇక మాటే లేకుండా మనసు చెప్పడానికి ‘ఈగ’ ఉండనే ఉంది. రెప్పలు లేని, మాట రాని పురుగు, పగ ఎలా తీర్చుకోవాలో కాళ్లతోనూ తలతోనూ చెబుతుంది. 2012లో వచ్చిన ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది. ఆ పని హైదరాబాద్‌లోని మకుట సంస్థది. నా క్లాసులో దాన్ని శబ్దం ఆపి చూపిస్తాను.

ఉద్యోగాల మాట మీరు అడుగుతారని తెలుసు. హైదరాబాద్‌లో 2001లో మొదలైన గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ కార్టూన్‌ను 2008లో టీవీకి తెచ్చింది, దేశమంతా చూసింది. హాలీవుడ్ స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడ శాఖ ఉండేది. ‘లైఫ్ ఆఫ్ పై’లోని పులి పనిలో ఇక్కడివాళ్లూ పాలుపంచుకున్నారు. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా ప్రకటించుకుంది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. సంస్థలు వస్తాయి, పోతాయి. ఒక సంస్థ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పి పంపిన పిల్లవాడు దానితోపాటే రోడ్డున పడతాడు. బరువు ఎటు పడుతుందో చూడ్డం నేర్చినవాడు మరో చోట కూర్చుని నెల తిరిగేసరికి కొత్త సాఫ్ట్‌వేర్ పట్టుకుంటాడు. పైగా బటన్ నొక్కే పని రోజురోజుకీ చవకవుతోంది. మిక్సమో అని ఒక సర్వీసుంది, అడోబీ 2015లో కొనుక్కుంది. మనిషి మోడల్ ఇచ్చి, గడ్డం, మణికట్లు, మోచేతులు, మోకాళ్లు ఎక్కడున్నాయో గుర్తులు పెడితే కొద్ది నిమిషాల్లో ఎముకలు వేసి ఇచ్చేస్తుంది. ఇప్పుడు ఏఐ పనిముట్లు అంతకన్నా దూరం వెళ్తున్నాయి. టీ-పోజ్‌లో నిలబడే రిగ్‌కు మార్కులిస్తే, యంత్రం చేసిన పనికి మనిషికి మార్కులిస్తున్నట్టు.

సాఫ్ట్‌వేర్ ఖరీదు అన్న సాకు కూడా ఇప్పుడు లేదు. 2002లో జనం లక్ష యూరోలు పోగేసి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛగా వాడుకునేలా విడిపించారు. అదే బ్లెండర్‌తో లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్‌బలోడిస్ తీసిన ‘ఫ్లో’కు 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో పిల్లి ఒక్క మాట మాట్లాడదు. చిన్న దేశం, చిన్న బృందం. ల్యాబుల్లో లైసెన్సుల కోసం పెట్టే డబ్బులో కొంత స్టోరేజీ మీద పెట్టమంటాను. ఎందుకో కింద చెబుతాను.

ఇక నేను అడిగేది. రిగ్గింగ్, క్యారెక్టర్ యానిమేషన్ పేపర్లను కలిపి రెండు సెమిస్టర్ల ఒకే ప్రాక్టికల్ చెయ్యండి, రిగ్ మార్కు చివరిదాకా ఖరారు కాకూడదు. విద్యార్థి ప్రతి వారం పూర్తిచేసినంత మేరకు ప్లేబ్లాస్ట్, అంటే మెరుగులు దిద్దని ముతక వీడియో, కాలేజీ సర్వర్‌లో తేదీతో దాచాలి. ఒక్కోటి కొద్ది మెగాబైట్లు, తరగతి మొత్తానికి పెద్ద ఖర్చేమీ కాదు. పరీక్ష రోజున ఎగ్జామినర్ మొదటిదీ, నడిమిదీ, చివరిదీ పక్కపక్కన చూడాలి. స్టూడియోల్లో పొద్దున్నే డైలీస్ అని కూర్చుని నిన్నటి పనిని అందరి ముందూ వేసి, ఏం మార్చాలో చెబుతారు. పిల్లలు రేపు బతకబోయేది ఆ గదిలోనే. ఆ గది ఎలా ఉంటుందో కాలేజీలోనే తెలియాలి.

రిగ్‌కు మార్కు వేయాలంటే దాన్ని కట్టినవాళ్ల చేతిలోంచి తీసుకుని తోటి విద్యార్థి చేతిలో పెట్టండి. మాట సాయం లేకుండా, ఒక పూట. బాసింపట్టు వేయించమనండి, బరువు ఎత్తించమనండి, తల వెనక చేతులు పెట్టించమనండి. ఎక్కడ విరిగిందో, ఏ కంట్రోల్ దొరకలేదో వాళ్లు రాసిచ్చే కాగితమే జవాబుపత్రం. ఈ పని నేను తరగతిలో చేయిస్తున్నాను. మొదటిసారి స్నేహాలు చెడతాయి. రెండోసారి రిగ్గులు బాగవుతాయి.

యానిమేషన్‌కు వైవా గ్రాఫ్ ఎడిటర్ తెరిచి ఉంచి జరగాలి. ‘ఇదే అవ్వ, కానీ పిలిచింది అప్పులవాడు’ అని చెప్పి అరగంట ఇవ్వండి. సొంతంగా చేసినవాళ్లు ఎక్కడ చెయ్యి పెట్టాలో వెంటనే ఎరుగుదురు: కళ్లు ముందే తిరుగుతాయి, లేవడానికి తొందరుండదు, చేట జరపడం రెండింతలు సాగుతుంది. బయట డబ్బిచ్చి చేయించుకున్నవాళ్లకు ఏ కీ కదిపితే ఏం జరుగుతుందో తెలియదు. నకలు పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు. ఎగ్జామినర్లలో కనీసం ఒకరు ప్రస్తుతం షాట్లు చేస్తున్నవాళ్లు ఉండాలి.

ఇదంతా వ్యక్తిగత అభిప్రాయం మీద నడిచే మూల్యాంకనం అవుతుందని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సంగీత కళాశాలల్లో గాత్రం పరీక్ష దశాబ్దాలుగా అలాగే జరుగుతోంది. శ్రుతి తప్పిందో లేదో పరీక్షకులు చెవులొగ్గి వింటారు. అవ్వ చెయ్యి మోకాలి మీద ఆనిందో, గాలిలో ఉందో చూడ్డానికి అంతకన్నా ఎక్కువ అభిప్రాయభేదం రాదు. విద్యార్థులు ఎక్కువైతే ఎలా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరికి పట్టే సమయం పెరుగుతుంది, ఎగ్జామినర్ల పారితోషికం పెరుగుతుంది. పన్నెండు సూత్రాల థియరీ పేపరు ఎత్తేస్తే ఆ ఖర్చులో కొంత మిగులుతుంది. సూత్రాలు తెలియకుండా ఎవరూ ఆ వైవాలో గట్టెక్కలేరు గనక పోయేదేమీ లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడొక చిన్న స్టూడియోలో జూనియర్ రిగ్గర్. అవ్వ షాట్ వెర్షన్లన్నీ ఆమె అనుమతితో నా దగ్గరున్నాయి, లిఫ్టులో లేచిన మొదటిదానితో సహా. మీ కమిటీ సమావేశానికి పిలిస్తే తీసుకొస్తాను. ప్రొజెక్టర్ ఒకటి ఉంటే చాలు, ల్యాప్‌టాప్ నాదే తెచ్చుకుంటాను. చెయ్యి జారిన వెర్షన్ దగ్గర ఆపి, తప్పు రిగ్‌దా యానిమేషన్‌దా అని ముందు సభ్యులనే అడుగుతాను. జవాబులు విన్నాక మిగతాది మాట్లాడుకుందాం.

ఇట్లు,
రిగ్గింగ్, క్యారెక్టర్ యానిమేషన్ నేర్పే ఒక అధ్యాపకుడు,
హైదరాబాద్